బ్రిటన్ మెడికల్ స్కూల్ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ: ఆహ్వానం మెయిల్ నుంచి కెమెరా ఆపేదాకా

నవంబరు మొదలైందంటే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. "ఆంటీ, ఇంటర్వ్యూకు పిలిచారు. ఏం చదవాలి?" అని పిల్లలు. "దీనికి కోచింగ్ ఎక్కడుంది అక్కా?" అని తల్లులు. ఇంగ్లాండులో పుట్టి పెరిగిన మనవాళ్ల పిల్లలూ అడుగుతారు, హైదరాబాద్, విజయవాడ నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లూ అడుగుతారు. విడివిడిగా చెప్పిందే మళ్లీ చెప్పే బదులు, మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను.

"ఏం చదవాలి" అన్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. మార్కులు, యూకాట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) స్కోరు చూసే మిమ్మల్ని పిలిచారు. ఇక చూడాల్సింది మీరు ఎలా ఆలోచిస్తారు, ఎదుటి మనిషి మాట ఎలా వింటారు అన్నవే. అవి బట్టీ పడితే రావు. నోరు తెరిచి, గట్టిగా, రోజూ కొంచెం కొంచెం సాధన చేస్తేనే వస్తాయి.

మన దగ్గర ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకు, కౌన్సెలింగులతో తేలిపోతుంది, ఇంటర్వ్యూ ఉండదు. అందుకే ఉస్మానియాలోనో గుంటూరులోనో చదివి ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎస్‌లో (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవలో) పనిచేస్తున్న అమ్మానాన్నలకు కూడా ఇది కొత్త. వాళ్లు చెప్పలేకపోతే కంగారుపడకండి.

1. ఆహ్వానం మెయిల్‌ను రెండుసార్లు చదవండి

సంతోషంలో తేదీ ఒక్కటే చూసి మెయిల్ మూసేస్తారు. మిగతా పేజీలోనే అసలు సంగతులుంటాయి.

అన్నింటికన్నా ముందు టైము. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా బ్రిటన్ గడియారం మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 9:30 అంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నం 3:00. అక్కడ సాయంత్రం 4:00 అంటే మనకు రాత్రి 9:30. ఒక అబ్బాయి 9:30 అన్న అంకె చూసి మన ఉదయం 9:30కే కోటు వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ముందు కూర్చున్నాడు కాబట్టి సరిపోయింది. రెండు టైములూ కాగితం మీద పక్కపక్కన రాసి గోడకు అంటించండి.

మెయిల్‌లో వెతకాల్సినవి:

- స్లాటు బుక్ చేసుకోవడానికి, వస్తున్నామని తెలపడానికి గడువు ఎప్పుడు? (ముందొచ్చినవాళ్లకే మంచి స్లాట్లు. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి.)
- ఎంఎంఐనా, ప్యానెలా, రికార్డు చేసి పంపేదా? (ఇవేమిటో రెండో భాగంలో చెబుతాను.)
- జూమా, టీమ్సా, వాళ్ల సొంత పోర్టలా?
- గుర్తింపు కోసం ఏం చూపించాలి? (ఎక్కువగా పాస్‌పోర్టు. గడువు తీరలేదు కదా చూసుకోండి.)
- పెన్ను, కాగితం పెట్టుకోవచ్చా? నోట్సు, ఫోను విషయంలో నిబంధన ఏమిటి?
- కనెక్షన్ పోతే ఏ నంబరుకు, ఏ మెయిల్‌కు చెప్పాలి?
- వైకల్యం, డిస్లెక్సియా, ఆరోగ్య సమస్య ఉంటే అదనపు సమయం ఎలా అడగాలి? (అడగడానికి మొహమాటపడకండి. దాని వల్ల మీ అవకాశం తగ్గదు.)

పన్నెండో తరగతి ప్రాక్టికల్స్ కూడా జనవరి, ఫిబ్రవరిల్లోనే వస్తాయి. రెండూ ఒకే రోజు పడితే అడ్మిషన్స్ ఆఫీసుకు వెంటనే మర్యాదగా మెయిల్ రాయండి. చివరి వారం దాకా ఆగితే వాళ్లు కూడా ఏమీ చేయలేరు.

2. ఏ రకం ఇంటర్వ్యూనో తెలుసుకోండి

ఎంఎంఐ, అంటే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, ఇప్పుడు ఎక్కువ చోట్ల నడుస్తున్న పద్ధతి. ఐదు నుంచి పది దాకా చిన్న స్టేషన్లు (ఒక్కో దానిలో ఒక ప్రశ్నో, ఒక పనో) ఉంటాయి. ఒక్కో దానికి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, ముందు ఒకటి రెండు నిమిషాలు ప్రశ్న చదువుకోవడానికి. ఆన్‌లైన్‌లో మిమ్మల్ని ఒక బ్రేకవుట్ రూమ్ (వీడియో కాల్‌లోనే విడి గది) నుంచి ఇంకో దానిలోకి పంపుతారు, లేదా మీరు అక్కడే ఉండగా ఎగ్జామినర్లు మారుతుంటారు.

మామూలుగా ప్రతి స్టేషన్‌కూ వేరే మనిషి మార్కులు వేస్తారు. మూడో స్టేషన్‌లో మీరు తడబడ్డారని నాలుగో స్టేషన్‌లో ఉన్నవాళ్లకు తెలియదు. ఇది మనసులో బాగా నాటుకోవాలి. తెర మారిందంటే కొత్త పేజీ మొదలైనట్టే.

ప్యానెల్ అయితే ఇద్దరు ముగ్గురు కలిసి అడుగుతారు. మీ పర్సనల్ స్టేట్‌మెంట్‌లో (దరఖాస్తుతో మీ గురించి రాసి పంపేదానిలో) రాసిన ప్రతి వాక్యమూ ఇక్కడ ప్రశ్న కావచ్చు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఇంటర్వ్యూలు ప్రధానంగా డిసెంబరులో జరుగుతాయి, ఒక చిన్న క్లాసులా సాగుతాయి. ఎప్పుడూ చూడని గ్రాఫ్ చూపించి "ఇది ఎందుకిలా వచ్చింది?" అంటారు. జవాబు తెలియాలని కాదు, తెలియనిదాన్ని పైకి మాట్లాడుతూ ఎలా విప్పుతారో చూడాలని.

రికార్డు చేసే పద్ధతిలో ఎదురుగా మనిషి ఉండరు. ప్రశ్న తెర మీద వస్తుంది, కొన్ని సెకన్లు ఆలోచించుకోవడానికి ఇస్తారు, ఆ తర్వాత కెమెరా మొదలవుతుంది. తల ఊపేవాళ్లు, నవ్వేవాళ్లు లేకపోతే మాట తొందరగా పొడిబారుతుంది. దీనికి ఫోన్ కెమెరా ముందు విడిగా సాధన చేయాలి.

పద్ధతి ఏటా మారుతుంది. పోయినేడు సీనియర్‌కు ప్యానెల్ వచ్చిందని మీకూ అదే వస్తుందనుకోకండి. మీ మెయిల్, ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్, ఈ రెండే ప్రమాణం.

3. మీ అనుభవాల నోటుబుక్కు తయారు చేయండి

మొత్తం తయారీలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మంచి జవాబులన్నీ ఈ నోటుబుక్కులోంచే వస్తాయి.

ఆసుపత్రిలో చూసినవి, వృద్ధాశ్రమంలో చేసినవి, స్కూలు టీములో జరిగినవి, ఇంట్లో తాతయ్యకు జబ్బు చేసినప్పుడు గమనించినవి, ఒక పది పన్నెండు సంఘటనలు రాయండి. ప్రతి దానికీ మూడు లైన్లు చాలు:

- ఏం జరిగింది? (చూసింది మాత్రమే)
- దాని నుంచి నాకు ఏం అర్థమైంది?
- ఆ తర్వాత నేను ఏం మార్చుకున్నాను?

మూడో లైను లేని అనుభవం సగమే. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక అమ్మాయి సర్కారు ఆసుపత్రి ఓపీలో రెండు వారాలు ఉంది. మొదటి మాక్‌లో (సాధన కోసం చేసే నమూనా ఇంటర్వ్యూలో), "నేను అనేక వ్యాధులను, వాటి చికిత్సలను చూశాను, వైద్యుల నిబద్ధత నన్ను ఆకట్టుకుంది" అంది. విన్నవాళ్లకు ఏమీ కనబడదు. "ఒక్క మనిషి గురించి చెప్పమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి చెప్పింది: చదువు రాని ఒక ముసలమ్మ చీటీ మీద 1-0-1 (ఉదయం ఒకటి, రాత్రి ఒకటి) అని ఉంటే తెల్లమొహం వేసిందట. నర్సు మాత్రల కవర్లు తీసుకుని ఒకదాని మీద సూర్యుణ్ని, ఇంకోదాని మీద చందమామను గీసి, "ఏది ఎప్పుడు?" అని ఆమెతోనే తిరిగి చెప్పించుకుందట.

ఇదీ జవాబు. దానికి మూడో లైను తనే కలిపింది: "ఆ తర్వాత మా నానమ్మకు బీపీ మాత్రల గురించి చెప్పినప్పుడు, అర్థమైందా అని అడగడం మానేశాను. నువ్వు నాకు చెప్పు నానమ్మా అంటున్నాను." మందుల పేర్లు ఒక్కటీ లేవు. అయినా వినడం, సానుభూతి, రోగి భద్రత, టీములో నర్సు విలువ, అన్నీ అందులో ఉన్నాయి.

2026 ప్రవేశాల నుంచి యూకాస్ (బ్రిటన్ యూనివర్సిటీలకు దరఖాస్తులు తీసుకునే సంస్థ) పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నల రూపంలోకి మారింది. మీరు పంపిన ప్రతిని ప్రింటు తీసి, ప్రతి వాక్యం కింద "దీని మీద ఏం అడగొచ్చు?" అని పెన్సిల్‌తో రాయండి. పుస్తకం పేరు రాస్తే ఆ పుస్తకం మళ్లీ తిరగేయండి.

రోగుల పేర్లు, ఊరు, గుర్తుపట్టే వివరాలు ఎప్పుడూ చెప్పకండి. నోటుబుక్కులో కూడా రాయకండి.

4. "డాక్టరే ఎందుకు?"

ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో దాదాపు ఖాయం. "చిన్నప్పటి నుంచి కల", "పేదలకు సేవ చేయాలని", "మా ఇంట్లో అందరూ డాక్టర్లే": ఈ మూడింటితో మొదలుపెట్టే జవాబులు నేను లెక్కలేనన్ని విన్నాను. అవి అబద్ధాలు కావు, కానీ మిమ్మల్ని చూపించవు.

ఈ వరసలో కట్టుకోండి: మొదట ఆసక్తి పుట్టిన ఒక సంఘటన, తర్వాత అది నిజమేనా అని మీరు ఎలా పరీక్షించుకున్నారు, ఆపైన ఈ వృత్తిలో కష్టం ఏమిటో చూశాక కూడా ఎందుకు ఉన్నారు. రెండు నిమిషాలు మించకూడదు.

వెంటనే వచ్చే ప్రశ్న, "మరి నర్సు ఎందుకు కాకూడదు?" ఇక్కడ నర్సు పనిని తక్కువ చేసి మాట్లాడితే పని చెడిపోతుంది. వ్యాధి నిర్ధారణ, అనిశ్చితిలో నిర్ణయం తీసుకుని దానికి జవాబుదారీగా ఉండటం వంటి డాక్టరు పనిలోని ప్రత్యేకత చెప్పండి. నర్సు దగ్గర మీరు నేర్చుకున్నది కూడా చెప్పండి.

5. నైతిక ప్రశ్నలు: మన ఇంటి అలవాటు అడ్డొచ్చే చోటు

నాలుగు సూత్రాలు అందరూ నేర్చుకుంటారు: రోగి సొంత నిర్ణయానికి గౌరవం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం. పేర్లు ఇంగ్లీషులో గడగడా చదివితే మార్కులు రావు. ప్రశ్నలోని మనుషులకు అవి ఎలా వర్తిస్తాయో చెప్పాలి.

మన పిల్లలు తరచూ తడబడే ప్రశ్న ఒకటుంది. "డెబ్భై ఏళ్ల తల్లికి క్యాన్సర్ అని తేలింది. కొడుకు వచ్చి, అమ్మకు చెప్పకండి డాక్టర్, తట్టుకోలేదు అంటున్నాడు. మీరేం చేస్తారు?"

మన ఇళ్లలో ఇది ప్రేమతో చేసే పని. చాలామంది చూసే ఉంటారు. అందుకే "కుటుంబం కోరిక ప్రకారం చెప్పను" అని నోరు జారుతుంది. ఇంగ్లాండు, వేల్స్‌లో 2005 నాటి మెంటల్ కెపాసిటీ యాక్ట్ ప్రకారం, వేరే విధంగా రుజువైతే తప్ప, పెద్దవాళ్లకు తమ నిర్ణయం తామే తీసుకునే సామర్థ్యం ఉన్నట్టే లెక్క. తన ఆరోగ్యం గురించిన సమాచారం ఆమెది.

అలాగని "కొడుకుకు హక్కు లేదు" అని కొట్టిపారేయడం కూడా తప్పే. ఈ నాలుగు మెట్లలో ఆలోచించండి:

1. ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఏం భయం? (కొడుకు భయం, తల్లి హక్కు, వాళ్ల మధ్య నమ్మకం.)
2. నాకు ఇంకా ఏం తెలియాలి? (ఆమెకు సామర్థ్యం ఉందా? ఇంతకుముందు "నాకేమీ చెప్పొద్దు" అందా?)
3. ఏమేం దారులున్నాయి, ఒక్కోదానిలో మంచి చెడ్డలేమిటి?
4. నేను ఏది ఎంచుకుంటాను, ఎవరిని సలహా అడుగుతాను?

మాటల్లో పెడితే ఇలా ఉంటుంది (అక్కడ ఇంగ్లీషులోనే చెబుతారు, భావం కోసం తెలుగులో రాస్తున్నాను): "ముందు కొడుకును కూర్చోబెట్టి ఎందుకు భయపడుతున్నారో వింటాను. దాస్తానని మాత్రం మాట ఇవ్వను. తర్వాత తల్లినే, మీ పరీక్షల గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది, ఎవరు పక్కన ఉంటే బాగుంటుంది అని అడుగుతాను. ఆమె తెలుసుకోవాలంటే, ఆమె ఒప్పుకుంటే కొడుకు పక్కనుండగానే సీనియర్ డాక్టర్ నెమ్మదిగా చెప్పేలా చూస్తాను. తనకేమీ చెప్పొద్దు, అబ్బాయితో మాట్లాడండి అంటే, అదీ ఆమె నిర్ణయమే."

ఇదే పద్ధతిలో ఇంకొన్ని చేయండి: పదిహేనేళ్ల అమ్మాయి అమ్మకు తెలియకుండా చికిత్స అడగడం (గిల్లిక్ కాంపిటెన్స్ గురించి చదవండి, పదహారేళ్ల లోపు పిల్లలు చికిత్సకు తామే ఒప్పుకోగలరా అని చూసే కొలమానం అది), ఫిట్స్ వస్తున్నా కారు నడుపుతున్న రోగి, రక్తం ఎక్కించుకోనన్న పెద్ద మనిషి, తోటి విద్యార్థి పరీక్షలో మోసం చేయడం.

మెడికల్ విద్యార్థిగా మీరెక్కడ ఆగాలో కూడా చెప్పండి. "సీనియర్‌కు చెబుతాను" అనడం బలహీనత కాదు. కానీ ప్రతి జవాబూ దానితోనే మొదలైతే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది.

6. రోల్ ప్లే: తెరలో కూడా మనిషితోనే మాట్లాడుతున్నారు

ఒక నటుడో నటియో తెర మీదికి వస్తారు. మీకు ముందే ఒక పరిస్థితి చెబుతారు. నేను సాధనకు వాడేది ఇది: పక్కింటావిడ ఊరెళుతూ పిల్లిని మీకు అప్పజెప్పింది. మీరు తలుపు వేయడం మరచిపోయారు, పిల్లి పోయింది. ఆవిడ ఇప్పుడే తిరిగొచ్చింది, సంతోషంగా ఉంది.

తొందరలో అందరూ చేసేది: "సారీ ఆంటీ పిల్లి పోయింది, కానీ నేను పోస్టర్లు అంటిస్తాను, కొత్త పిల్లిని కొనిపెడతాను." ఒక్క ఊపిరిలో చెడ్డ వార్త, సాకు, పరిష్కారం. ఆవిడకు ఏడవడానికి కూడా చోటు మిగల్లేదు.

ఇలా వెళ్లండి:

- కూర్చోమనండి. ఒక ముఖ్యమైన విషయం, మంచి వార్త కాదని ముందే చెప్పండి.
- ఒకే వాక్యంలో నిజం చెప్పండి. తప్పు మీదేనని ఒప్పుకోండి.
- ఆగండి. తెర మీద ఐదు సెకన్ల మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అయినా ఆగండి.
- ఆవిడ ఏమంటే దాన్ని పట్టుకుని మాట్లాడండి. "అది నాకు మా ఆయన పోయాక తోడు" అంటే, పిల్లి సంగతి పక్కనపెట్టి ఆ మాట వినండి.
- ఆవిడ "ఇప్పుడేం చేద్దాం?" అనే స్థితికి వచ్చాకే పరిష్కారాలు.

ఆవిడ అరిస్తే గొంతు పెంచకండి, వాదించకండి. "మీకు కోపం రావడం సహజం" అన్న మాట సరైన చోట పడితే చాలు, పదేపదే వద్దు.

7. లెక్కలు, గ్రాఫులు, వివరించే స్టేషన్లు

మామూలుగా కాలిక్యులేటర్ ఉండదు. పైకి మాట్లాడుతూ చేయాలి, అప్పుడు చివర అంకె తప్పినా పద్ధతికి మార్కులు వచ్చే వీలుంది. ఇలాంటివి రోజుకు ఐదు చేయండి: పిల్లాడి బరువు 20 కిలోలు, పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు. మోతాదు 300 మిల్లీగ్రాములు, సిరప్ 12.5 మిల్లీలీటర్లు. చివర ఒక్కసారి "ఈ అంకె సబబుగానే ఉందా?" అని పైకి అనుకుని సరిచూసుకోండి. 125 వచ్చి ఉంటే పసివాడికి ఒక సీసా పట్టించినట్టే. ఆ సరిచూసుకునే అలవాటునే వాళ్లు చూడాలనుకుంటారు.

గ్రాఫ్ వస్తే వెంటనే కారణాల్లోకి దూకకండి. అక్షాలు ఏమిటి, మొత్తం పోకడ ఏమిటి, దానికి భిన్నంగా ఉన్నదేమిటి, ఆ తర్వాతే కారణాలు.

ఇక "కనబడని మనిషికి బొమ్మ వివరించి గీయించు" వంటి స్టేషన్లు. దీనికి మన ఇంట్లోనే మంచి సాధన ఉంది. ఫోన్లో స్నేహితుడికి ఒక చుక్కల ముగ్గు గీయించండి. చుక్కలు ఎన్ని, వరుసలెన్ని, ఏ చుక్క నుంచి ఏ చుక్కకు, మాటలతోనే. అవతల వచ్చిన ముగ్గు మీదానితో పోల్చుకుంటే మీ భాషలో ఎక్కడ సందు ఉందో కనబడుతుంది. అమ్మమ్మకు ఫోన్లోనే వీడియో కాల్ ఎలా చేయాలో నేర్పించడం ఇంకా మంచిది.

8. ఎన్‌హెచ్‌ఎస్ గురించి ఎంత తెలియాలి?

హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లలు ఇక్కడ వెనకబడతారు. బ్రిటన్‌లోనే పెరిగినవాళ్లు తెలుసనుకుని చదవరు. కనీసం ఇవి మీ సొంత మాటల్లో చెప్పగలగాలి:

- 1948లో మొదలైంది. ప్రధానంగా పన్నుల డబ్బుతో నడుస్తుంది, వైద్యం అందే చోట చాలావరకు ఉచితం. రోగి సాధారణంగా ముందు జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గరకు వెళతారు.
- ఇంగ్లాండు, స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లాండ్‌లలో వేర్వేరుగా నడుస్తుంది. ఇంగ్లాండులో చాలామంది మందుల చీటీకి రుసుము కడతారు, మిగతా మూడు చోట్ల అది లేదు. కార్డిఫ్ ఇంటర్వ్యూకు వెళుతూ వేల్స్ సంగతులు తెలియకపోతే బాగుండదు.
- 2025 జులైలో ఇంగ్లాండుకు వచ్చిన పదేళ్ల ప్రణాళికలోని మూడు మార్పులు: ఆసుపత్రి నుంచి ఊరి దగ్గరి వైద్యానికి, కాగితం నుంచి డిజిటల్‌కు, జబ్బు నయం చేయడం నుంచి జబ్బు రాకుండా చూడటానికి.
- జూనియర్ డాక్టర్లను 2024 సెప్టెంబరు నుంచి రెసిడెంట్ డాక్టర్లు అంటున్నారు. పాత పేరు వాడితే వార్తలు చూడటం లేదని తెలిసిపోతుంది.
- జీఎంసీ (బ్రిటన్‌లో డాక్టర్లను నియంత్రించే సంస్థ) ప్రచురించిన 'గుడ్ మెడికల్ ప్రాక్టీస్' (డాక్టర్లు ఎలా నడుచుకోవాలో చెప్పే పుస్తకం), 2024 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రతి. ఒకసారి మొత్తం చదవండి, పెద్దది కాదు.

వీటితోపాటు నిరీక్షణ జాబితాలు, సమ్మెలు, ప్రాణాంతక వ్యాధిగ్రస్తులు వైద్య సాయంతో మరణాన్ని ఎంచుకునే బిల్లు, ఏఐ వాడకం. ఒక్కో దానికి రెండు వైపుల వాదనలూ, ఆపైన మీ అభిప్రాయమూ. ఆరోగ్యశ్రీతో పోల్చి చెప్పగలిగితే బాగుంటుంది, అయితే మీరు చూసినంతవరకే. అంకెలు గుర్తులేకపోతే ఊహించి చెప్పకండి.

9. గది, లాప్‌టాప్, వెలుతురు

- లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి కెమెరాను కంటి ఎత్తుకు తెండి. కింద నుంచి చూసే కెమెరాకు ముక్కు, ఫ్యాను తప్ప ఇంకేమీ కనబడవు.
- వెలుతురు మొహం మీద పడాలి. కిటికీ వీపు వెనక ఉంటే మొహం నల్లగా కనబడుతుంది. మన టైము ప్రకారం సాయంత్రం స్లాటైతే, చీకటి పడ్డాక అదే గదిలో, అదే టైముకు పరీక్షించండి.
- వీలైతే కేబుల్‌తో నెట్ పెట్టుకోండి. వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి.
- ఇన్వర్టర్ ఉంటే సరిపోదు, వైఫై రౌటర్ ఇన్వర్టర్ లైనులో ఉందా? మెయిన్ ఆపి చూడండి. చాలా ఇళ్లలో ఇక్కడే దొరికిపోతారు.
- తెర మీద కనబడే పేరు యూకాస్‌లో ఉన్న పేరే కావాలి. నాన్న లాప్‌టాప్ అయితే నాన్న పేరే కనబడుతుంది, ముందే మార్చండి.
- ఆటోమేటిక్ అప్‌డేట్లు ముందురోజే చేసేయండి. వాట్సాప్ వెబ్, మెయిల్ శబ్దాలు ఆపేయండి.
- ఫ్యాను, కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్, వీధి కుక్కలు. డిసెంబరు, జనవరిల్లో గుడి మైకు ధనుర్మాసం పాటలు కూడా. ఏ గదిలో తక్కువగా వినబడుతుందో వారం ముందు చూసుకోండి.

అమ్మానాన్నలకు ఒక విన్నపం. గదిలో ఎవరూ ఉండకూడదు. తలుపు వెనక నిలబడటం, కెమెరాకు కనబడకుండా చీటీ చూపించడం మీ పిల్లలకు సాయం కాదు. వాళ్ల కళ్లు పక్కకు పోవడం ఎగ్జామినర్‌కు ఇట్టే తెలుస్తుంది, దరఖాస్తే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఏఐతో జవాబులు చూసి చదవడం, రికార్డు చేయడం కూడా అంతే.

10. కెమెరా ముందు మాట, చూపు, తల

మన తల ఊపు గురించి చెప్పాలి. వింటున్నానని అటూఇటూ ఊపుతాం. తెర మీద అది కొందరికి "కాదు" అన్నట్టు కనబడుతుంది. పైకీ కిందికీ, నెమ్మదిగా.

ప్రతి వాక్యానికీ "సార్", "మేడమ్" అక్కర్లేదు. మొదట పలకరింపు, చివర థాంక్యూ, మధ్యలో మామూలుగా మాట్లాడటమే అక్కడి మర్యాద. మన అలవాటు గౌరవంతో వచ్చిందే, కానీ అక్కడ బెదురుగా వినబడుతుంది.

ఇంటర్వ్యూ చేసేవారి వీడియో కిటికీని కెమెరా కిందికి, తెర పైభాగానికి జరపండి. మీరు మాట్లాడేటప్పుడు కెమెరా వైపు, వినేటప్పుడు వాళ్ల మొహం వైపు చూడండి. మీ సొంత బొమ్మ కనబడకుండా దాచేయండి, జుట్టు సర్దుకోవడం తగ్గుతుంది.

వాళ్లు ఆపాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి. నెట్ ఆలస్యం వల్ల మాటలు గుద్దుకోవు, మీరూ ఆలోచించినట్టు ఉంటుంది. వేగం తగ్గించండి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకునేవాళ్లు వాక్యాలు చిన్నవి పెట్టుకుంటే సులువు. యాస మార్చుకోవాల్సిన పని లేదు.

వినబడకపోతే అడగండి. "క్షమించండి, చివరి మాట తెగిపోయింది, మళ్లీ చెబుతారా?" పెద్దవాళ్లను మళ్లీ అడగడం తప్పనుకుని, ఊహించి జవాబు చెప్పి నష్టపోయినవాళ్లను చూశాను.

11. నాలుగు వారాల క్రమం

మొదటి వారం నోటుబుక్కు, మెయిల్ వివరాలు, పర్సనల్ స్టేట్‌మెంట్. రెండో వారం రోజుకు రెండు ప్రశ్నలు, ఫోన్లో రికార్డు చేసుకుని వినాలి. మొదటిసారి వినడం కష్టంగా ఉంటుంది, అయినా వినండి. మూడో వారం మనుషులతో మాక్‌లు, అదే సాఫ్ట్‌వేర్‌లో, టైమర్ పెట్టి. నాలుగో వారం కోటు కూడా వేసుకుని రెండు పూర్తి మాక్‌లు, మిగతా రోజులు తేలిగ్గా.

మాక్ చేసేవాళ్లలో ఒకరైనా మీకు తెలియనివాళ్లు, ఒకరైనా వైద్యం తెలియనివాళ్లు ఉండాలి. టీచరు, బ్యాంకులో పనిచేసే బాబాయి, ఎవరైనా సరే. డాక్టరు కానివారికి మీ మాట అర్థమైతే రోగికీ అర్థమవుతుంది.

రాసిన జవాబులు బట్టీ పట్టకండి. ప్రతి సంఘటనకూ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. "కవరు, సూర్యుడు, నానమ్మ" అంటే చాలు, మిగతా మాటలు ప్రతిసారీ కొత్తగా వస్తాయి. అడిగిన ప్రశ్న ఒకటి, మీరు తయారైన ప్రశ్న ఇంకొకటి అయినప్పుడు బట్టీ పిల్లలు తయారైనదే చెప్పేస్తారు. అదే పెద్ద నష్టం.

12. ఆ రోజు

- రెండు గంటల ముందు తేలికగా తినండి. ఖాళీ కడుపుతో కూర్చోవద్దు.
- గంట ముందు లాప్‌టాప్ రీస్టార్ట్, ఛార్జర్ పెట్టడం, కెమెరా, మైకు పరీక్ష.
- బల్ల మీద పాస్‌పోర్టు, నీళ్లు, అనుమతి ఉంటే తెల్లకాగితం, పెన్ను. ఇంకేమీ వద్దు.
- ఫోను సైలెంట్‌లో, చేతికి అందేలా, తెర కిందికి తిప్పి. కనెక్షన్ పోతే చేయాలని మెయిల్‌లో ఇచ్చిన నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోను గదిలో వద్దని మెయిల్‌లో ఉంటే తలుపు బయట ఇంట్లోవాళ్ల దగ్గర.
- పదిహేను నిమిషాల ముందు లాగిన్.

కనెక్షన్ పోతే: అదే లింకుతో మళ్లీ చేరండి. రెండు నిమిషాల్లో కాకపోతే హాట్‌స్పాట్. అదీ కాకపోతే ఆ నంబరుకు ఫోన్. తిరిగి చేరాక "క్షమించండి, కనెక్షన్ పోయింది, ఫలానా దగ్గర ఆపాను" అని ఒక్క వాక్యం, అంతే. కరెంటు గురించి వివరణలు వద్దు. అంతరాయం వల్ల ఒక స్టేషన్ పోయిందనిపిస్తే అదే రోజు మెయిల్ చేయండి, ఫలితం వచ్చాక చేసే ఫిర్యాదును పట్టించుకోవడం కష్టం.

మాట మధ్యలో మరచిపోతే: "ఒక్క క్షణం ఆలోచించుకోవచ్చా?" అనండి. తప్పు చెప్పామని తెలిస్తే "ఇందాక చెప్పినదాన్ని మార్చుకుంటున్నాను" అనండి. తప్పు ఒప్పుకుని సరిదిద్దుకునే మనిషి డాక్టరుగా వాళ్లకు కావాలి.

13. అయిపోయాక

లీవ్ నొక్కి, కెమెరా పక్కన దీపం ఆరిందని చూసుకున్నాకే ఇంట్లోవాళ్లను గదిలోకి పిలవండి.

ప్రశ్నలు ఎవరికీ చెప్పకండి, గ్రూపుల్లో పెట్టకండి. చాలా చోట్ల అలా చెప్పబోమని మీతో ముందే ఒప్పుకోలు తీసుకుంటారు. మీకు ముందు వెళ్లినవాళ్లను అడగకండి కూడా.

యూకాస్‌లో మెడిసిన్‌కు నాలుగు వరకు ఎంచుకుంటారు కాబట్టి ఇంకో ఇంటర్వ్యూ ఉండొచ్చు. అదే సాయంత్రం, జ్ఞాపకం చెదరకముందే, ప్రశ్నలు కాకుండా మీ గురించి మూడు లైన్లు నోటుబుక్కులో రాసుకోండి: ఎక్కడ తొందరపడ్డాను, ఎక్కడ వినలేదు, ఏ సంఘటన బాగా చెప్పగలిగాను. రెండో ఇంటర్వ్యూ తయారీ ఆ పేజీ నుంచి మొదలుపెట్టండి.